‘ఫర్’ ఉండవలసిన చోట ‘ఆఫ్’

1989లో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చి, సూర్యాపేట దగ్గరి మా ఊరి నుంచి హైదరాబాదు చేరుకున్న నాటికి, నాకు ఇంగ్లీషు అంతగా రాదన్న సంగతి నాకే తెలియదు. చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగినా, యాక్టివ్ వాయిస్‌ను ప్యాసివ్ వాయిస్‌లోకి మార్చడంలో మా బడిలో నాతో పోటీకి వచ్చేవాడు లేడు. ‘రామా కిల్డ్ రావణా’ అని సారు బోర్డు మీద రాయడమే ఆలస్యం, ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా’ అని లేచి నిలబడి చెప్పేవాణ్ణి. కర్మను ముందుకు తెచ్చుకోవాలి, కర్తను చివరికి పంపి దానికి ‘బై’ తగిలించాలి, క్రియకు మూడో రూపం వేసి, కాలానికి తగినట్టు ‘ఈజ్’ గాని ‘వాజ్’ గాని చేర్చాలి. అందులో ఇంతకు మించి ఏమీ లేదన్న ధీమాతో ఉండేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే, మాకు ఇచ్చిన ఆ వాక్యాలన్నిటిలోనూ క్రియ ఒంటరిగానే ఉండేది. చంపడం, తినడం, రాయడం, పాడడం, అన్నీ ఒక్క మాటతో తీరిపోయేవే. వెనక ‘ఆఫ్’, ‘ఫర్’, ‘ఇంటూ’ వంటి చిన్న మాటను తోకలాగా వెంటబెట్టుకుని తిరిగే క్రియ ఒక్కటి కూడా మా బోర్డు మీదికి ఎక్కలేదు. అటువంటి క్రియలను ఫ్రేజల్ వర్బ్స్ అంటారనీ, వాటిని ప్యాసివ్‌లోకి మార్చేటప్పుడు మనవాళ్ల చేయి ఎక్కడ తడబడుతుందనీ నాకు తెలిసింది బడిలో కాదు, నాంపల్లిలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో.

ఆ కార్యాలయం పేరు ఇప్పుడు అనవసరం. నాంపల్లి స్టేషనులో రైలు కూత వేస్తే మా సెక్షనులో వినబడేది. చిక్కడపల్లిలోని నా గది నుంచి బస్సులో వచ్చి, తపాలు అందుకుని, పర్సనల్ రిజిస్టరులో నమోదు చేసి, నోట్ ఫైలు రాసి పైకి పంపడం నా పని. తెలుగును అధికార భాషగా ప్రకటిస్తూ 1966లోనే చట్టం వచ్చినా మా ఫైళ్లు ఇంగ్లీషులోనే నడిచేవి, ఆ ఇంగ్లీషులో చాలా భాగం ప్యాసివ్‌లోనే ఉండేది. అయితే అవి రామరావణుల బాపతు ప్యాసివ్‌లు కావు. వివరాలు ‘కాల్డ్ ఫర్’ అయ్యేవి. దరఖాస్తులు ‘టర్న్డ్ డౌన్’ అయ్యేవి. రాని బాకీలు ‘రిటన్ ఆఫ్’, జాబితాలోని పేర్లు ‘స్ట్రక్ ఆఫ్’, కోర్టు దాకా పోయిన ఉత్తర్వులు ‘సెట్ ఎసైడ్’, చివరికి కేసులు ‘డిస్పోజ్డ్ ఆఫ్’. ఈ చివరి ‘ఆఫ్’కు ఒకటే ఎఫ్, ‘రిటన్ ఆఫ్’లోని ‘ఆఫ్’కు రెండు. తెలుగులో రాస్తే రెండూ ఒకటే కావడం వల్ల కాబోలు, నేను ఇంగ్లీషులోనూ చేతికి ఏది వస్తే అది రాసేవాణ్ణి. కొన్నాళ్లు అసలు ఏదీ రాయకుండా ‘ది కేస్ వాజ్ డిస్పోజ్డ్’ అని ముగించి ఊరుకున్నాను. ఇక ఫైలును పై అధికారి ముందు ఉంచడమనే ‘పుట్ అప్’ సంగతి సరేసరి. ‘ఫైలు పుటప్ చేశావా?’ అని పొద్దున లేస్తే వినబడే మాట కాబట్టి అది తెలుగే అనుకునేంతగా నాలుకకు అంటుకుపోయింది. కొన్నేళ్ల తరువాత ఒక ఇంగ్లీషు పుస్తకంలో ‘వి వర్ పుట్ అప్ ఇన్ ఎ హోటల్’ అన్న వాక్యం తగిలితే, మనుషులను కూడా ఫైళ్లలాగా ఎవరి బల్ల మీద పెట్టారా అని కాసేపు తికమకపడ్డాను. అక్కడ దానికి బస ఏర్పాటు చేయడమని అర్థం.

మా సెక్షను సూపరింటెండెంటు గారు పాతబస్తీలో శాలిబండ వైపు ఉండేవారు. నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువు మొదలుపెట్టి, 1948లో పోలీసు చర్య జరిగి నిజాం పాలన పోయిన నాటికి పదమూడేళ్ల వయసులో ఉండి, ఆ తరువాత మాధ్యమం మారడంతో ఇంగ్లీషును సగంలో అందుకున్న తరం ఆయనది. అందువల్లనేమో, ఇంగ్లీషు ఎక్కడ కాలికి అడ్డం తగులుతుందో ఆయనకు గుర్తుండేది. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన అధికారులకు ఆ గుర్తు లేదు, వాళ్లు తప్పు చూపించగలిగేవారే గాని ఎందుకు తప్పయిందో చెప్పగలిగేవారు కాదు. ఆయన ఎప్పుడూ సిరాతో దిద్దేవారు కాదు. చెవి వెనక పెట్టుకున్న పెన్సిలు తీసి, మన మాట కొట్టేయకుండా దాని పైన సన్నగా సరైన మాట రాసి ఇచ్చేవారు.

1990 వేసవిలో, విరిగిన బల్లలు, కుర్చీలు, పనికిరాని బీరువాలు అమ్మివేయడానికి మా కార్యాలయం టెండర్లు పిలిచింది. వ్యవహారం ఎంతవరకు వచ్చిందో తెలుపుతూ నోట్ రాసే పని నాకు పడింది. నా మనసులో ఉన్న వాక్యం ‘టెండర్లు పిలిచారు’. పిలవడమంటే ‘కాల్’ కాబట్టి ‘టెండర్స్ వర్ కాల్డ్’ అని రాశాను. రాసి చూసుకుంటే వెనక ఏదో తక్కువైనట్టు అనిపించింది, పాత ఫైళ్లలో ‘కాల్డ్’ తరువాత ఏదో చిన్న మాట చూసిన గుర్తు లీలగా ఉంది, అది ఏదో గుర్తుకు రాలేదు. ‘ఆఫ్’ అని పెట్టాను. ఆ రోజు సూపరింటెండెంటు గారు సెలవులో ఉండడం వల్ల పెన్సిలు తగలకుండానే ఫైలు పైకి వెళ్లిపోయింది. ‘కాల్డ్ ఫర్’ అంటే పిలిచారని, ‘కాల్డ్ ఆఫ్’ అంటే రద్దు చేశారని తెలిసినవారికి నా వాక్యం ఎలా కనబడి ఉంటుందో చెప్పనవసరం లేదు. ఎవరి ఉత్తర్వుతో రద్దు చేశారు, కారణమేమిటి అని మార్జినులో రాసిన అధికారి, దాని కింద ‘హిజ్ ఎక్స్‌ప్లనేషన్ మే బి కాల్డ్ ఫర్’ అని మరొక వాక్యం చేర్చారు. రెండు రోజులకు మెమో నా చేతికి వచ్చింది. ‘కాల్డ్ ఫర్’ను సరిగ్గా వాడిన వాక్యాన్ని నేను శ్రద్ధగా చదవడం అదే మొదటిసారి, అది నా సంజాయిషీ కోరుతూ వచ్చిన కాగితంలో.

‘సంజాయిషీ తర్వాత రాద్దువు గాని, ముందు ఇట్ల కూసో’ అన్నారు సూపరింటెండెంటు గారు ఆ మధ్యాహ్నం, టిఫిను డబ్బా మూత పెడుతూ. వాడిపారేసిన సైక్లోస్టైలు కాగితం వెనక వైపు తిప్పి, పెన్సిలుతో ‘వాణ్ణి చూసి నవ్విన్రు’ అని తెలుగులోను, ‘దే లాఫ్డ్ ఎట్ హిమ్’ అని ఇంగ్లీషులోను రాశారు. రెండోదాన్ని ప్యాసివ్‌లోకి మార్చమన్నారు. నేను ‘హి వాజ్ లాఫ్డ్’ అన్నాను.

‘ఎట్ ఏమైంది?’

‘హిమ్ హి అయింది గదా సార్, దానితోపాటే పోయింది.’

ఆయన నవ్వలేదు. ‘అదే నీ రోగం’ అన్నారు. ఆ తరువాత అరగంట ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. తెలుగులో విభక్తి నామవాచకానికి చెందినది. ‘వాణ్ణి’లోని ద్వితీయ గాని, దాని వెనక వచ్చే ‘చూసి’, ‘గురించి’, ‘మీద’ వంటి మాటలు గాని ఆ నామంతోనే ఉంటాయి. ‘కేసు గురించి విచారించారు’ అన్నదాన్ని ‘కేసు విచారించబడింది’ అని మార్చినప్పుడు కేసు ప్రథమా విభక్తిలోకి వచ్చేస్తుంది, ‘గురించి’కి ఇక పని లేదు కాబట్టి అది రాలిపోతుంది. మన చెవికి అది సహజం. ఇంగ్లీషులో ఆ చిన్న మాట చూడడానికి నామం ముందు నిలబడినట్టు కనిపించినా, ‘లాఫ్ ఎట్’, ‘లుక్ ఇంటూ’, ‘కాల్ ఫర్’ వంటి చోట్ల అది క్రియకు కుట్టేసిన గుండీ. నామం లేచి వాక్యం ముందుకు వెళ్లిపోయినా గుండీ చొక్కాతోనే ఉంటుంది. అందుకే ‘హి వాజ్ లాఫ్డ్ ఎట్’, ‘ది కేస్ వాజ్ లుక్డ్ ఇంటూ’. వెనక ఏ నామమూ లేకుండా ‘ఎట్’ ఒక్కటీ గాలిలో వేలాడుతున్నట్టు మనకు అనిపిస్తుంది, అనిపించిన వెంటనే దాన్ని చెరిపేస్తాము. తెలుగువాడు ఇంగ్లీషు ప్యాసివ్‌లో చేసే తప్పులన్నిటిలోకి ఇది పెద్దదని ఆయన అభిప్రాయం. తరువాతి ముప్పై ఏళ్లలో నా చేతికి వచ్చిన కుర్ర అసిస్టెంట్ల నోట్లు చూసి, నేను కూడా అదే అభిప్రాయానికి వచ్చాను.

ఆ రోజే ఆయన చెప్పిన మరొక మాట కూడా రాయాలి. ‘బర్తరఫ్ అంటే ఏంది?’ అని అడిగారు. ఉద్యోగం నుంచి తీసేయడమని చెప్పాను. ‘బర్ అంటే మీద, తరఫ్ అంటే పక్క. పక్కకు పెట్టుడు. సెట్ ఎసైడ్ గూడ గదే గద’ అన్నారు. మనం ఒక్క మాటగా మింగేసిన బర్తరఫ్‌లో రెండు ముక్కలున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. ‘పక్కకు’ అన్న ముక్క తీసేస్తే బర్తరఫ్‌లో ఏమి మిగులుతుందో, ‘ఎసైడ్’ తీసేస్తే ‘సెట్’లో కూడా అంతే మిగులుతుంది.

సంజాయిషీ ముసాయిదాలో, రెండు ప్రయోగాలను కలగాపులగం చేశానని చెప్పడానికి ‘ది టూ ఎక్స్‌ప్రెషన్స్ వర్ మిక్స్‌డ్ అప్ బై మీ’ అని రాశాను. ‘అప్’ మరచిపోకుండా పెట్టినందుకు ఆయన సంతోషిస్తారనుకున్నాను. ఆయన చివరి రెండు మాటలకు పెన్సిలుతో సున్న చుట్టి, ‘బై మీ ఎందుకు? నీ పేరు చెప్పేదుంటే ఇంక ప్యాసివ్ దేనికి?’ అన్నారు. తదుపరి చర్య విరమించడమైనదని నెల రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఈ ‘విరమించడమైనది’, ‘తెలియజేయడమైనది’ అనేవి మన కార్యాలయ తెలుగు తనకోసం తాను కనిపెట్టుకున్న ప్యాసివ్‌లు. ఇంట్లో ఎవరూ ‘అన్నం వడ్డించడమైనది’ అనరు.

అప్పటి నుంచి మధ్యాహ్నం భోజనం తరువాత రోజుకు అయిదు వాక్యాలు ఇచ్చేవారు. ‘మనవణ్ణి అమ్మమ్మ చూసుకుంటోంది’ అన్నదానికి నేను ‘లుక్డ్ బై హిజ్ గ్రాండ్‌మదర్’ అని రాస్తే, ‘చూస్తుంది సరే, ఎత్తుకోదా?’ అని అడిగారు. ‘లుక్డ్ ఆఫ్టర్ బై’ అని రెండు చిన్న మాటలు పక్కపక్కన రావడం నాకు తప్పులాగా తోచేది, ఒకటి తీసేస్తే గాని నిద్ర పట్టేది కాదు. వాటిలో ఒకటి క్రియ దగ్గర నౌకరీ చేసేది, ఇంకొకటి కర్త దగ్గర చేసేది, ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన ఒకరు ఎక్కువైనట్టు కాదని ఆయన చెప్పేవారు. ‘లుక్డ్ డౌన్ అపాన్ బై’ అని మూడు వరసగా వచ్చిన రోజున మా అటెండరు కూడా వచ్చి చూశాడు.

అన్ని ఫ్రేజల్ వర్బులూ ప్యాసివ్‌లోకి రావన్నది రెండో పాఠం. బేగంపేట నుంచి విమానం బయలుదేరిందని చెప్పడానికి నేను ‘ది ప్లేన్ వాజ్ టేకెన్ ఆఫ్’ అని రాశాను. ‘ఎవరు తీసేసిన్రయ్యా విమానాన్ని? తీసి యాడ పెట్టిన్రు?’ అన్నారు. చొక్కా అయితే ‘టేకెన్ ఆఫ్’ కావచ్చు, దాన్ని విప్పేవాడు ఒకడుంటాడు. విమానం తనంత తానే లేస్తుంది కాబట్టి అది ‘టుక్ ఆఫ్’ మాత్రమే. అదే విధంగా లక్డీకాపూల్ దగ్గర ఆగిపోయిన బస్సు ‘బ్రోక్ డౌన్’. పోలీసులు పగలగొట్టిన తలుపు ‘వాజ్ బ్రోకెన్ డౌన్’. ‘ఐ వాజ్ గ్రోన్ అప్ ఇన్ సూర్యాపేట’ అని నేను గర్వంగా చెప్పుకుంటే, పెరగడం వేరు, పెంచడం వేరు అని గుర్తు చేశారు. ఇక్కడ మాత్రం తెలుగు మనకు అడ్డం రాకపోగా దారి చూపిస్తుంది. పెరుగు, పెంచు, దిగు, దించు, ఆగు, ఆపు అని మన క్రియలు జంటలుగా ఉంటాయి. తెలుగులో ‘దేనిని?’, ‘ఎవరిని?’ అని అడగడానికి వీలున్న రెండో రకమే ఇంగ్లీషులో ప్యాసివ్‌కు లొంగుతుంది. పెంచారు కాబట్టి ‘బ్రాట్ అప్’. ఈ కొలబద్దకు కూడా చిక్కనివి కొన్ని ఉన్నాయి. తండ్రి పోలిక వచ్చిందని చెప్పే ‘టేక్స్ ఆఫ్టర్ హిజ్ ఫాదర్’లో తండ్రి కర్మగానే ఉన్నా, ఆయనను ముందుకు తెచ్చి ప్యాసివ్ చేస్తే ఇంగ్లీషువాడు ఒప్పుకోడు. ఎందుకని అడిగితే, కొడుకు తండ్రికి ఏమీ చేయలేదు, ఊరికే అట్లా పుట్టాడు, అంతే అన్నారు. వ్యాకరణ గ్రంథాలు ఇంతకంటే పెద్ద మాటలతో చెప్పేది కూడా దాదాపు ఇదే.

1990 డిసెంబరులో పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టినప్పుడు ఆయన కొన్ని రోజులు కార్యాలయానికి రాలేకపోయారు. మా సెక్షనులో జరగవలసిన తనిఖీ ఆగిపోయింది. ‘ఇన్‌స్పెక్షన్ వాయిదా వేసిన్రంట’ అని అటెండరు వచ్చి చెప్పాడు, నేను దాన్ని ఇంగ్లీషులో నోట్ చేయబోయి ‘దే పుట్ ఆఫ్’ అని మొదలుపెట్టి ఆగాను. ఆ ‘దే’ ఎవరు? అటెండరు ఎవరి పేరూ చెప్పలేదు. వేశారు, చేశారు, పెట్టారు అని కర్త లేకుండా బహువచనంలో వదిలేయడం మన అలవాటు. చేసినవాడు ఎవరో తెలియనప్పుడు, చెప్పనవసరం లేనప్పుడు, చెప్పదలచుకోనప్పుడు తెలుగువాడు ‘బడు’ దాకా పోడు, ‘చేశారు’ అని ఊరుకుంటాడు. ‘ఇచ్చట గదులు అద్దెకు ఇవ్వబడును’ అని బోర్డు మీద రాసినవాడు కూడా నోటితో ‘గదులు అద్దెకిస్తారు’ అనే అంటాడు. ఇంగ్లీషు ప్యాసివ్ చేసే పనిలో సగం మన ‘చేశారు’ చేస్తుంటే, మిగతా సగం ‘అయింది’ చేస్తుంది: లైటు ఆఫ్ చేశారు, లైటు ఆఫ్ అయింది. బడిలో మాకు ‘చేయబడింది’ని ప్యాసివ్‌కు అనువాదంగా నేర్పారు గాని, ‘చేశారు’ కూడా దాని చుట్టమేనని ఎవరూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ‘ది ఇన్‌స్పెక్షన్ హాజ్ బీన్ పుట్ ఆఫ్’ అని రాసినప్పుడు, ఎవరూ దిద్దకుండానే అది సరిగ్గా వచ్చిందని నాకు తెలిసింది. చూపించడానికి ఆయన లేకపోవడమే లోటు.

ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు వెతికే అలవాటు కూడా ఆ రోజుల్లోనే పట్టుకుంది. అక్కడ దొరికిన ఒక వ్యాకరణంలో ‘లుక్ ఇంటూ’, ‘కాల్ ఫర్’ వంటివి ప్రిపొజిషనల్ వర్బులని, ‘కాల్ ఆఫ్’, ‘టర్న్ డౌన్’ వంటివే అసలు ఫ్రేజల్ వర్బులని రెండుగా విడదీశారు. ‘ఇట్’ను మధ్యలో దూర్చి చూస్తే తేడా తెలుస్తుంది. ‘టర్న్ ఇట్ డౌన్’ అనవచ్చు, ‘లుక్ ఇట్ ఇంటూ’ అనరాదు. పలకడంలో కూడా తేడా ఉంటుంది. ‘టర్న్డ్ డౌన్’లో బరువు ‘డౌన్’ మీద పడుతుంది, ‘కాల్డ్ ఫర్’లో ‘కాల్డ్’ మీద. నేను ఎంతో ఉత్సాహంగా ఈ విభజన తీసుకువెళ్లి సూపరింటెండెంటు గారికి చూపిస్తే, ప్యాసివ్‌లో రెండూ ఏమవుతాయని మాత్రం అడిగారు. రెండింటిలోనూ చిన్న మాట క్రియ వెనకే ఉంటుందని చెప్పాను. ‘ఇంక నీకూ నాకూ గంతే కావాలె’ అని పుస్తకం తిరిగి ఇచ్చేశారు. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో ఉస్మానియా ఆవరణలో కేంద్ర సంస్థ వెలసిన నగరంలో, నేను ఈ పాఠాన్ని సైక్లోస్టైలు కాగితాల వెనక నేర్చుకున్నాను.

ఆయన 1993లో పదవీ విరమణ చేశారు. ఆయనకు ఎంతో ఇష్టమైన వాక్యం, ఇష్టం కంటే వెటకారం ఎక్కువనుకోండి, ‘ది మ్యాటర్ ఈజ్ బీయింగ్ లుక్డ్ ఇంటూ’. ఎవరు చూస్తున్నారో, ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పటికి ముగిస్తారో ఏదీ చెప్పకుండానే అవతలివాడిని ఇంటికి పంపించగలిగే వాక్యం ఇంతకంటే చిన్నది ఇంకొకటి లేదనేవారు. వీడ్కోలు రోజున పింఛను కాగితాల గురించి ఎవరో అడిగితే ఆ వాక్యమే చెప్పి నవ్వారు.

చాలా ఏళ్ల తరువాత, వేరే విభాగంలో సూపరింటెండెంటుగా ఉన్నప్పుడు, ఏదో పని మీద ఆ పాత కార్యాలయానికి వెళ్లాను. ఫైలు తిరిగి వచ్చాక, నా ‘ఆఫ్’ను కొట్టేయకుండా దాని పైన ఆయన పెన్సిలుతో ‘ఫర్’ అని రాసిన నోట్ ఆ టెండర్ల ఫైలులోనే ఉంటుందని గుర్తుకు వచ్చి రికార్డు రూములోకి నడిచాను. ఆ ఫైలు డి.డిస్. కింద మూసినది, అంటే పదేళ్లు దాచి ఆ తరువాత నాశనం చేయదగిన రకం. అది తెలిసి కూడా అడిగాను. అక్కడున్న కుర్రవాడు రిజిస్టరు తిరగేసి, బీరువా వైపు ఒకసారి చూసి, ‘అవన్నీ తీసేసిన్రు సార్’ అన్నాడు.

‘ఎవరు తీసేశారు?’

‘ఏమో సార్. తీసేసిన్రంతే.’

‘దే వర్ డన్ అవే విత్’ అని మెట్లు దిగుతూ మనసులో రాసుకున్నాను. ‘విత్’ ఉందో లేదో మరొకసారి చూసుకున్నాను.